సీరియల్ నంబరులో ఒక స్లాష్

కొలతల గదిని 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలిపి ఉంచడానికి ఎంతో శ్రమపడే మేము, ఆపరేటరు టైపు చేసే సీరియల్ నంబరును మాత్రం చాలాకాలం పట్టించుకోలేదు. మా సీఎంఎం (భాగాల కొలతలు తీసే యంత్రం) మీద నలభై నిమిషాలు నడిచే ఒక ప్రోగ్రాం మొదట్లో సీరియల్ నంబరు అడిగి, చివర్లో దానినే ఫైలు పేరుగా పెట్టి రిపోర్టును భద్రపరిచేది. ఒకరోజు ఆపరేటరు 24/117 అని ఇచ్చారు. విండోస్ దృష్టిలో స్లాష్ అంటే ఫోల్డరు హద్దు కాబట్టి, 24 అనే ఫోల్డరు లేకపోవడంతో రిపోర్టు తయారు కాలేదు. ఆయన తప్పేమీ లేదు. కొలవాల్సిన యంత్రభాగం మీద చెక్కి ఉన్నదే ఆయన కొట్టారు. ప్రోగ్రాం రాసిన నాదే ఆ బాధ్యత.

కోలన్ ఇంకా ప్రమాదకరం. ఎన్‌టీఎఫ్ఎస్ (విండోస్ ఫైళ్లను భద్రపరిచే పద్ధతి) డిస్కు మీద 17:20 అనే పేరుతో ఫైలు రాస్తే 17 అనే ఫైలు ఏర్పడి, సమాచారమంతా దానికి అనుబంధంగా ఉండే, పైకి కనిపించని మరో భాగంలోకి వెళుతుంది. ఫోల్డరులో చూస్తే సున్నా బైట్ల ఫైలు కనిపిస్తుంది, దోష సందేశమేదీ రాదు.

విండోస్ ఫైలు పేర్లలో నిషిద్ధమైన ముద్రణ గుర్తులు 9. వాటిని తీసేస్తే సరిపోతుందని మొదట అనుకున్నాను. కానీ స్లాష్‌ను తీసేస్తే 1/23, 12/3 రెండూ 123 అయిపోయి, రెండో భాగం రిపోర్టు మొదటిదాన్ని చెరిపేస్తుంది. అందుకే తీసివేయకుండా ఆ చోట అండర్‌స్కోర్ పెట్టాలి. అప్పటికీ 1/23, 1:23 ఒకే పేరుగా మారే అవకాశం ఉంటుంది కనుక, అదే పేరుతో ఫైలు ముందే ఉందేమో చూసి, ఉంటే తేదీ, సమయం చేర్చాలి; ఆ సమయంలోనూ కోలన్ ఉండకూడదు. నిషిద్ధ గుర్తుల జాబితాతో పోల్చడం కంటే ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, హైఫన్, అండర్‌స్కోర్ మాత్రమే అనుమతించి, మిగిలిన ప్రతి గుర్తునూ లూపులో ఒక్కొక్కటిగా అండర్‌స్కోర్‌గా మార్చడం నాకు నమ్మకంగా అనిపించింది. ఈమెయిలు నుంచి అతికించినప్పుడు వచ్చే, మామూలు ఖాళీలాగే కనిపించే వేరే ఖాళీ గుర్తు కూడా ఆ వడపోతలో దొరికిపోతుంది. అయితే ఈ మార్పు ఫైలు పేరుకే పరిమితం కావాలి. రిపోర్టు లోపల, ఆపరేటరు ఇచ్చిన అసలు నంబరు అక్షరం పొల్లుపోకుండా ఉండాలి, ఎందుకంటే కొనుగోలుదారు భాగాన్ని దానితోనే సరిచూసుకుంటారు.

కొలత విలువల దగ్గర ఈ పద్ధతి పనికిరాదు. జర్మనీ డ్రాయింగులో 1,250 అంటే ఒకటింపావు మిల్లీమీటరు, మన దగ్గర అదే పన్నెండు వందల యాభై. కామాను చుక్కగా మార్చాలా, తీసేయాలా అన్నది ప్రోగ్రాం ఊహించి తేల్చే విషయం కాదు. ప్రోగ్రాములు రాసే సీ భాషలో, టైపు చేసిన అంకెలను సంఖ్యగా మార్చే ఎటాఫ్ (atof) ఫంక్షన్, దశాంశానికి చుక్కను వాడే మామూలు అమరికలో, 12,5 అని ఇస్తే కామా దగ్గర ఆగి, ఏ హెచ్చరికా లేకుండా 12 అని తిరిగి ఇస్తుంది. అర మిల్లీమీటరు అలా మాయమవడాన్ని నేను ఒప్పుకోలేను. అందుకే సంఖ్యలో అంకెలు, ఒక చుక్క, ముందు ఒక మైనస్ తప్ప ఏది కనిపించినా మా ప్రోగ్రాం ఇప్పుడు దాన్ని సరిదిద్దదు, మళ్లీ అడుగుతుంది.

ఈ పరీక్షలన్నిటినీ ప్రోబ్ (భాగాన్ని తాకి కొలిచే మొన) కదలకముందే ముగించి, రిపోర్టుకు పెట్టబోయే పేరును తెర మీద ఆపరేటరుకు చూపించి, ఆయన సరే అన్నాకే కొలవడం మొదలుపెట్టేలా ఆ ప్రోగ్రామును మార్చాను.