కొల్లేరు ఎప్పుడొస్తుందండీ?

ఏలూరులో బస్సెక్కిన దగ్గర్నుంచి కిటికీకే అతుక్కుని కూర్చున్నాను. డిసెంబరు నెల, ఉదయం ఏడు గంటలు. ఊరు దాటాక రోడ్డుకి రెండు వైపులా చేపల చెరువులు, వాటి గట్లు, గట్ల మీద మేత బస్తాలు. ఐసు వేసిన చేపల ట్రేలు ఎక్కించుకోవడానికి లారీలు కొల్లేటి చాంతాడంత వరసలో ఆగి ఉన్నాయి. అరగంట గడిచినా అదే దృశ్యం. పక్క సీట్లో పెద్దావిడను అడిగాను, "కొల్లేరు ఎప్పుడొస్తుందండీ?" అని.

"ఎప్పుడో వచ్చేసిందమ్మా. మనం కొల్లేట్లోనే ఉన్నాం" అంది ఆవిడ.

నాకు నోట మాట రాలేదు. చిన్నప్పుడు సాంఘిక శాస్త్రంలో కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పెద్ద మంచినీటి సరస్సు అని చదువుకుని, కనుచూపు మేర నీళ్ళు ఊహించుకున్నదాన్ని. ఇప్పుడు నా కళ్ళముందున్నది గళ్ళగళ్ళుగా కోసేసిన నీళ్ళు.

కైకలూరులో మావయ్య బండి మీద ఎదురొచ్చాడు. అక్కడికి దగ్గర్లోనే ఆటపాక పక్షుల కేంద్రం. టికెట్ తీసుకుని పడవెక్కాం. ఇంజన్ ఆపేసి పడవబ్బాయి గెడ వేస్తుంటే, ముందు వాసన తగిలింది. పక్షుల రెట్ట, పచ్చి చేప, నానిన ఆకు కలిసిన ఘాటు వాసన. ఆ తర్వాత గోల. తర్వాత గూడబాతులు. వందల్లో ఉన్నాయి. పూర్వం పొలాలకు నీళ్ళు తోడడానికి వాడిన గూడ లాంటి సంచి ముక్కు కింద వేలాడుతూ ఉంటుంది. పిల్లలు తల మొత్తం తల్లి నోట్లోకి దూర్చేసి, లోపల ఉన్న చేపల్ని తింటున్నాయి. చూస్తుంటే పిల్లని మింగేస్తోందేమో అని భయం వేసింది.

గూళ్ళు చాలావరకు చెట్ల మీద లేవు. ఇనప స్తంభాలు పాతి, పైన వేసిన అరల మీద ఉన్నాయి. ఎందుకలా అని అడిగితే పడవబ్బాయి ఎండిపోయి మోడులైన తుమ్మచెట్లను చూపించాడు. ఏళ్ళ తరబడి వందల పక్షులు ఒకే చెట్టు మీద రెట్ట వేస్తే ఆకు మాడిపోతుంది, చెట్టు నిలవదు. పూర్వమైతే ఒక గుంపు చెట్లు పోతే పక్షులు ఇంకో చోటికి వెళ్ళేవి, ఈలోగా పాతచోట మళ్ళీ మొక్కలు లేచేవి. ఇప్పుడు వెళ్ళడానికి ఇంకో చోటు లేదు. అందుకే అటవీ శాఖ ఇనప చెట్లు నాటాల్సి వచ్చింది. మంచి పనే, పక్షులు నిలబడ్డాయి. కానీ ఆ స్తంభాల్ని చూస్తున్నంతసేపూ గుండెలో ఏదో మెలిపెట్టినట్టు ఉంది.

అదే రెట్ట నీళ్ళలో పడితే ఎరువు. దాంతో నీళ్ళు పచ్చబడతాయి, కంటికి కనపడని నాచు పెరుగుతుంది, దాన్ని సన్నపురుగులు, వాటిని చేపపిల్లలు తింటాయి. ఆ చేపల్ని మళ్ళీ పక్షి తింటుంది. చెట్టుని చంపేది, చేపని పెంచేది ఒకటే. ఎంత నీళ్ళలో ఎంత రెట్ట పడుతోంది, ఆ నీళ్ళు కదులుతున్నాయా లేదా అన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంది.

మధ్యాహ్నం కైకలూరు మెస్సులో చేపల పులుసుతో అన్నం తిన్నాం. చెరువుల్లో పెంచిన బొచ్చె. ఆకలి మీద ఉన్నానేమో, చాలా రుచిగా అనిపించింది.

అక్కణ్ణుంచి కొల్లేటికోట. ఫాల్గుణంలో జాతర జరిగే పెద్దింట్లమ్మ గుడి ఉన్నది అక్కడే. అమ్మవారికి దండం పెట్టుకుని బయటికొస్తే, గట్టు మీద ఒక తాత వెదురు పుల్లలతో మావు అల్లుకుంటున్నాడు. మావు అంటే చేపల్ని పట్టే వెదురు బోను, అందులోకి చేపలు వెళ్ళగలవు, బయటికి రాలేవు. నేను కూర్చుని చూస్తుంటే ఆయనే మాట కలిపాడు. ఈ ప్రయాణంలో నేను నేర్చుకున్నదంతా దాదాపు ఆయన దగ్గరే.

"కొల్లేరుకి ఊపిరి ఉండేదమ్మా. పీల్చేది, వదిలేది" అన్నాడు.

వానాకాలంలో బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు పొంగి వచ్చి పడితే సరస్సు ఉబ్బేది. చేపలు ఏటికి ఎదురెక్కి, మునిగిన పొలాల్లోకి, గడ్డిలోకి వెళ్ళి గుడ్లు పెట్టేవి. కిక్కిస గడ్డి దుబ్బుల మధ్య నీళ్ళు నెమ్మదించి మట్టి అడుక్కి దిగిపోయేది. చేపపిల్లలు అక్కడే దాక్కుని పెరిగేవి. ఎక్కువైన నీళ్ళు ఉప్పుటేరు గుండా సముద్రంలో కలిసేవి. ఎండలు ముదిరాక సరస్సు కుంచించుకుపోయి నేల బయటపడేది. ఆ నేల మీద కొందరు వరి వేసేవాళ్ళు, మిగతా చోట గేదెలు మేసేవి. గేదె లేపిన పురుగుల కోసం కొంగలు దాని వెంటే. గేదె వేసిన పేడ మళ్ళీ వానలకు నీళ్ళలో కలిసి చేపకు మేతయ్యేది.

"మరి మీరు?" అని అడిగాను.

"మేమూ అందులోవాళ్ళమేగా. మావులో చిన్నపిల్ల పడితే వదిలేసేవాళ్ళం. వచ్చే ఏడు అదే మాకు కూడు."

కొరమీను, మట్టగిడస, మార్పు, ఇంగిలాయి, బొమ్మిడాయి అంటూ వేళ్ళు మడుస్తూ చెప్పాడు. వాటిలో కొరమీను నాకు తెలుసు, మా హైదరాబాదు మార్కెట్లో కిలో ధర వింటే గుండె ఆగుతుంది. తెలంగాణ దాన్ని రాష్ట్ర చేపగా పెట్టుకుంది కూడా. నీళ్ళలో ప్రాణవాయువు తగ్గినా అది పైకొచ్చి గాలి పీల్చుకుని బతకగలదు. కొల్లేటి గడ్డీ గాదంలో ఇలాంటివే నిలిచేవి. వాటికి చిన్న చేపల్ని తినే అలవాటుంది. అందుకే ఇప్పుడు చెరువులు వేసేవాళ్ళు పిల్లను వదిలే ముందు వీటిని ఏరి పారేస్తారు. ఒకప్పటి సరస్సు సొంత బిడ్డ ఇప్పుడు కలుపు కింద లెక్క. నాకు అన్నిటికంటే బాధ కలిగించిన విషయం ఇదే.

చెరువులు ఎలా వచ్చాయో కూడా ఆయనే చెప్పాడు. 1970ల్లో ప్రభుత్వమే సొసైటీలు పెట్టి పేదలకు చెరువులు తవ్వించింది. తర్వాత డబ్బున్నవాళ్ళు వచ్చారు, గట్లు సరస్సు లోపలికి నడుచుకుంటూ పోయాయి. 1999లో సముద్ర మట్టం నుంచి అయిదు అడుగుల ఎత్తు దాకా ఉన్న 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో పేలుడు పదార్థాలు పెట్టి గట్లు కొట్టేశారు. "ఆ చప్పుళ్ళు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయమ్మా" అన్నాడు తాత. నీళ్ళు కలిశాయని సంతోషించాడట. చెరువుల్లో కూలికి పోయే కొడుకు ఆ రాత్రి అన్నం తినలేదట. రెండు మాటలూ ఒకే గొంతుతో చెప్పాడు. తర్వాత గట్లు మెల్లగా మళ్ళీ లేచాయి.

కొల్లేరును బాగు చేయాలంటే మనుషుల్ని తీసేయాలి అనే మాట నేను హైదరాబాదులో చాలాసార్లు విన్నాను. ఒకప్పుడు నేనూ అన్నాను. ఆ గట్టు మీద కూర్చున్నాక ఆ మాట నా నోటితో మళ్ళీ అనలేను. మావు అల్లే ఆ చేతులు సరస్సుకు బరువు కాలేదు. గట్టు బరువైంది. నీళ్ళని కదలనీయకపోవడం బరువైంది.

కదలని నీళ్ళలో ఏం జరుగుతుందో దార్లోనే చూశాను. కోడి పెంట, తవుడు, నూనెగింజల చెక్క కలిసిన చెరువు నీళ్ళు, ఊళ్ళ మురుగు, పొలాల ఎరువులు, అన్నీ ఇక్కడికే వస్తాయి. ఆ బలంతో గుర్రపుడెక్క కమ్ముకుంటుంది. ఊదారంగు పువ్వులతో ముచ్చటగా ఉంటుంది, ఎక్కడో దక్షిణ అమెరికా మొక్క. కానీ చాప పరిచినట్టు కమ్మేశాక కింద వెలుతురు ఉండదు. అడుగున పెరిగే నాచు చస్తుంది, అది కుళ్ళి ప్రాణవాయువును తినేస్తుంది, చేపలు తేలతాయి. ఉప్పుటేరు దారిలో పేరుకుపోతే నీళ్ళు ముందుకు పోవు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచి, ఆ నీళ్ళు ఇటే వచ్చినప్పుడు లంక గ్రామాలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయని మావయ్య చెప్పాడు. అదే ఉప్పుటేరు ఎండాకాలంలో సరస్సు మట్టం పడిపోతే వెనక్కి తిరుగుతుంది, సముద్రపు ఉప్పు లోపలికి ఎక్కుతుంది. వానల్లో మునక, ఎండల్లో ఉప్పు. కొల్లేరు నిండా ఊపిరి తీసుకోగలిగితే రెండూ ఇంతగా బాధించవు.

సాయంత్రం ఏలూరు బస్సు కోసం కాలవ వంతెన దగ్గర నిలబడ్డాం. కింద నలుగురు మనుషులు నడుంలోతు నీళ్ళలో నిలబడి గుర్రపుడెక్కను కొక్కేలతో లాగి గట్టున పడేస్తున్నారు. పొడవాటి నల్లటి వేళ్ళనిండా నత్తలు అంటుకుని ఉన్నాయి. ఒకటి, రెండు, చూస్తుండగానే ఇరవై దాకా నత్తగుల్ల కొంగలు వచ్చి వాలాయి. మధ్యలో సందు ఉండే ఆ ముక్కుతో గుల్లను పట్టుకుని లోపలి నత్తను లాగుతున్నాయి. పని చేసేవాళ్ళు అదిలించలేదు. ఒకతను కొక్కెం ఎత్తినప్పుడు పక్కనే ఉన్న కొంగ రెండడుగులు జరిగి, కట్ట కింద పడగానే మళ్ళీ దగ్గరికొచ్చింది. వాళ్ళు ఖాళీ చేసిన మేర నీళ్ళు కనపడుతున్నాయి, చిన్న గదంత.

బస్సు హారన్ వినిపించింది. నేను ఎక్కి ఈసారి కూడా కిటికీ పక్కనే కూర్చున్నాను.