మూడోసారీ చిరిగింది

పొద్దున్నుంచి కుస్తీ పడుతున్న గ్రాఫీన్ పొర, అంటే ఒకే ఒక్క కార్బన్ పరమాణువు మందమున్న పొర, సాయంత్రానికి చిరిగి కూర్చుంది. ఇది మూడోసారి.

రాగి రేకు మీద సుమారు 1000 డిగ్రీల వేడిలో మీథేన్ వదిలి పెంచిన పొర అది. పైన ఆసరాగా పీఎంఎంఏ అనే ప్లాస్టిక్ పూసి, కింది రాగిని ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణంలో కరిగించేస్తే, నీళ్ల మీద తేలుతూ ఒక పల్చటి తునక మిగులుతుంది. పాల మీద మీగడ తీసినట్టు దాన్ని ప్లాస్టిక్ షీటు మీదకు ఎత్తుకోవాలి. చెయ్యి వణికిందా, ముడతే. ఫ్యాన్ కూడా ఆపేసి, ఊపిరి బిగబట్టి ఎత్తాను. అంచు దగ్గర ఆవగింజంత బుడగ. సరిగ్గా అక్కడే చిరిగింది.

ఒక్క పొర మింగే వెలుతురు 2.3 శాతమే, అందుకే కంటికి ఆనదు. పైగా కరెంటు పారుతుంది, వంచినా పగలదు. ఫోన్ తెరల్లో వాడే ఇండియం టిన్ ఆక్సైడ్ అనే పారదర్శక పూతలోనూ కరెంటు బాగానే పారుతుంది గానీ, వంచితే అప్పడంలా పగులుతుంది. మడతపెట్టే తెరలకు అదే తంటా. 2010లోనే దక్షిణ కొరియాలో రోలర్ల మధ్య నడిపి 30 అంగుళాల పొర ఎత్తారు. నేనేమో అగ్గిపెట్టెంత ముక్కకే టెన్షన్ పడుతున్నాను!

అన్నట్టు, కిందటి నెల ముక్కొకటి వేలికి చుట్టి మల్టీమీటర్ పెట్టి చూశాను. వంచినా నిరోధం రీడింగ్ పెద్దగా కదల్లేదు. రేపు మళ్లీ రాగి రేకు కత్తిరించాలి.