జాలీ పలక ఏడో వరసలోనే ఎందుకు అంటుకుంటోంది

నాలుగో పలక కూడా బొగ్గయింది. ఈసారి కనీసం ఎందుకో తెలిసింది. అందుకే రాత్రి పన్నెండున్నరకి, చేతులింకా పొగవాసన కొడుతుండగా కూర్చుని రాస్తున్నాను.

లేజర్ మెషిన్‌తో చెక్క కోసి చేస్తున్న దీపం పెట్టె ఎక్కడిదాకా వచ్చిందంటే, అడుగూ మూతా మూలల పళ్లూ అన్నీ కుదిరాయి, జిగురు లేకుండానే నిలబడుతోంది. మిగిలింది నాలుగు పక్కల జాలీ పలకలే. ఒక్కోటి 90 × 140 మి.మీ. అందులో డైమండ్ ఆకారంలో 60 కన్నాలు, వరసకి ఆరు చొప్పున పది వరసలు. కన్నానికీ కన్నానికీ మధ్య మిగిలే చెక్క 2.5 మి.మీ. మాత్రమే. 3 మి.మీ. కమర్షియల్ ప్లైవుడ్, 10 వాట్ల డయోడ్ లేజర్. మెషిన్ పెట్టె మీద పెద్దక్షరాలతో 40 వాట్లు అని ఉంటుంది కానీ అది కరెంటు తాగే లెక్క. కొత్తగా కొనేవాళ్లు చిన్నక్షరాలు కూడా చదవండి.

ఆరు వరసలు నిక్షేపంగా తెగుతాయి. ఏడో వరసకి రాగానే కుడి చివర, పలక అడుగు నుంచి పసుపు మంట లేస్తుంది. మొదటిసారి వేలెడు ఎత్తు, ఊదితే ఆరిపోయింది. మూడోసారి ఊదినా ఆరలేదు, తడిగుడ్డ వేయాల్సొచ్చింది. వంటింట్లోంచి అమ్మ, "ఒరేయ్, గదిలో చితుకుల పొయ్యి పెట్టావేంట్రా?" అని కేక. పెట్టలేదమ్మా, 650 రూపాయల ప్లైవుడ్ షీటు తగలబెడుతున్నాను అంతే.

నా మొదటి అనుమానం మూలల మీద. మూల తిరిగేటప్పుడు లేజర్ ఉన్న తల నెమ్మదిస్తుంది, లేజర్ మాత్రం అదే పవర్‌తో కాలుస్తుంది, అక్కడ మాడుతుంది అనుకున్నాను. చూస్తే మెషిన్‌ని లోపల్నుంచి నడిపే సాఫ్ట్‌వేర్ జీఆర్‌బీఎల్‌లో డాలర్ 32, అంటే లేజర్ మోడ్ సెట్టింగు, విలువ సున్నా అయిపోయి ఉంది, ఎప్పుడో సెట్టింగులు రీసెట్ చేసినప్పుడు పోయినట్టుంది. దొరికింది దొంగ అనుకుని 1 చేసి, తల నెమ్మదిస్తే పవర్ కూడా తగ్గించే ఎమ్4 మోడ్‌లో మళ్లీ కోశాను. ఏడో వరసలో మళ్లీ మంట. అప్పుడు గానీ కాగితం మీద లెక్క వేయలేదు. నేను కోసేది నిమిషానికి 240 మి.మీ., అంటే సెకనుకి 4. నా మెషిన్ యాక్సిలరేషన్, అంటే వేగం పెరిగే తగ్గే రేటు, సెకనుకి సెకనుకి 500 మి.మీ. ఆ వేగం నుంచి పూర్తిగా ఆగడానికి పట్టే దూరం 0.016 మి.మీ. కోత వెడల్పే 0.2 దాకా ఉంటే ఇదెంత? చెక్క మీద వేగంగా బొమ్మలు చెక్కేటప్పుడు ఎమ్4 తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఇంత నెమ్మది కోతలో దానివల్ల ఒరిగేదేమీ లేదు.

తర్వాతి అనుమానం, కోసేచోట పొగనీ మంటనీ ఊదే గాలి మీద. నాది చేపల తొట్టి పంపు, మీద నిమిషానికి 25 లీటర్లు అని రాసుంది. నిజమెంతో చూద్దామని లీటరు సీసా నిండా నీళ్లు పట్టి, బకెట్లో తలకిందులుగా ముంచి, లోపలికి ట్యూబు పెట్టాను. ఉత్త ట్యూబుతో సీసా ఖాళీ కావడానికి 4 సెకన్లు పట్టింది, అంటే నిమిషానికి 15 లీటర్లు. చివర నాజిల్ తగిలించాక 11 సెకన్లు. అంటే ఐదున్నర లీటర్లు కూడా లేదు! ఈ పంపులు నీళ్లలో బుడగలు వదలడానికి చేసినవి, సన్న రంధ్రంలోంచి తోసే ఒత్తిడి వాటికెక్కడిది? లేబుల్ చూసి పంపు కొనకండి, మీ నాజిల్ పెట్టి సీసాతో కొలవండి.

మోడల్ కార్లకి రంగులు వేసే ఫ్రెండ్ దగ్గర ఎయిర్‌బ్రష్ కంప్రెసర్ అరువు తెచ్చాను. నాజిల్‌తో సహా 4 సెకన్లు. పైన మాడిన అంచు ఒకటిన్నర మి.మీ. నుంచి అర మి.మీ.కి తగ్గింది, చూడముచ్చటగా వచ్చింది. కానీ ఏడో వరస దగ్గర మంట ఇంకా పెద్దదైంది. కోసిన సందులోంచి గాలి నేరుగా కిందికి కొడుతోంది కదా, అడుగున ఉన్న నిప్పుకి కొలిమితిత్తి పట్టినట్టయింది. మంట పైన లేదు, కింద ఉంది అని అక్కడే అర్థమవ్వాలి. కాలేదు.

వేడి ఒకేచోట పోగవుతోందేమో అని ఇంకో దారి పట్టాను. ఒక్క పాస్‌లో 240కి బదులు 600 వేగంతో మూడు పాస్‌లు, అంటే అదే గీత మీద మూడుసార్లు. లేజర్‌కి డిజైన్ పంపే సాఫ్ట్‌వేర్ లైట్‌బర్న్‌లో కన్నాలని చదరంగం గళ్లలా రెండు లేయర్లు చేసి, పక్కపక్కవి వెంటవెంటనే తెగకుండా చూశాను. ఇలాంటి పనుల కోసమే లైట్‌బర్న్‌కి డబ్బు పెట్టొచ్చంటాను. అలాంటిదే ఇంకోటి లేజర్‌జీఆర్‌బీఎల్ ఉచితమే, మామూలు పనికి చాలు, కానీ ఏది ముందు ఏది వెనక అన్న ఆట దాంతో ఆడలేం. ఈ మార్పుతో మంట ఆలస్యమైంది, మూడో పాస్‌లో వచ్చింది. ఎక్కడ? ఏడో వరస, కుడి చివర.

ఇవాళ విసుగొచ్చి డిజైన్‌ని 180 డిగ్రీలు తిప్పేశాను. డిజైన్‌లో తప్పుంటే మంట కూడా దాంతో పాటు తిరగాలి. తిరగలేదు. డిజైన్ లెక్కలో నాలుగో వరస ఎడమ చివర అంటుకుంది, పలకని పెట్టే బెడ్ మీద మాత్రం సరిగ్గా పాత చోటే.

పలక తీసి, టార్చి వేసి చూశాను. తేనెపట్టులా గళ్లుండే బెడ్ మీద అరచేయంత మేర నల్లగా, నిగనిగలాడుతూ తారు పేరుకుని ఉంది. రెండు నెలలుగా ఎండీఎఫ్ (చెక్క పొట్టుకి జిగురు కలిపి నొక్కిన పలక) మీద వేగం-పవర్ పరీక్ష గళ్లన్నీ ఆ మూలే కోశాను. ఆ జిగురు పొగంతా దిగి అక్కడ గడ్డకట్టింది. బెడ్ ఎత్తి పేపరు మీద తాటిస్తే గళ్లలో నిలువుగా ఇరుక్కున్న డైమండ్ ముక్కలు రాలాయి, మాడిన అటుకుల్లా. లెక్కపెట్టాను, 43. పైన పలక తెగగానే కిరణం వాటి మీద పడుతుంది, అవి రాజుకుంటాయి, తారు అందుకుంటుంది, నా కొత్త కంప్రెసర్ ఊదుతుంది. ఇన్నాళ్లూ పొయ్యి నిజంగానే పెట్టుకున్నాను, అమ్మ అన్నదే కరెక్టు.

బెడ్‌ని వేడినీళ్లలో నానబెట్టి, అంట్ల సబ్బు, పాత టూత్‌బ్రష్‌తో గంటన్నర తోమాను. ఐదో పలకని నేరుగా బెడ్ మీద పెట్టలేదు. నాలుగు మూలలా రెండేసి ఎమ్8 నట్లు పేర్చి 13 మి.మీ. ఎత్తు లేపాను, ముక్కలు కిందపడి దూరంగా పోవాలని. మంట రాలేదు, వెనక మచ్చ కూడా సగానికి తగ్గింది. ఆరో పలకలో మాత్రం రెండో వరస మధ్యలో చిన్న మినుకు వచ్చి గాలికి ఆరింది. అక్కడ ప్లైవుడ్ పొరల మధ్య సందులు పూడ్చే ఫిల్లర్ ముద్ద ఉన్నట్టుంది, అంచు చూస్తే ముదురు గోధుమరంగులో తెలుస్తోంది. అది నా ఊహే. అదే షీటులోంచి ఇంకో పలక కోస్తేగానీ చెప్పలేను.

పలక మీద మాస్కింగ్ టేప్ (కాగితపు టేపు) అంటించి కోయడం గురించి: పొగ మచ్చ పడదు, నిజమే. కానీ 2.5 మి.మీ. చెక్క మీద నుంచి దాన్ని ఒలవడానికి 50 నిమిషాలు పట్టింది. జాలీలకి వద్దు. 320 నంబరు ఎమరీ పేపరుతో రెండు నిమిషాలు రుద్దితే సరిపోతోంది.

తడిగుడ్డ కథ అయ్యాక మంటలార్పే 2 కిలోల కార్బన్ డయాక్సైడ్ సిలిండరు కొన్నాను. పొడి రకం చవక, కానీ ఒక్కసారి వాడితే ఆ పొడి బెల్టుల్లో, లెన్స్‌లో చేరి మెషిన్‌ని కూడా తినేస్తుంది. సిలిండరు ఉందని కోతకి పెట్టి టీకి వెళ్లడం మాత్రం లేదు. పక్కింటి పిన్నిగారు రెక్సిన్ కోస్టర్లు కోసి పెట్టమన్నారు. అందులో పీవీసీ ఉంటుందండీ, కాలిస్తే క్లోరిన్ విషవాయువులొస్తాయి అని చెప్పి తప్పించుకున్నాను.

కంప్రెసర్ శుక్రవారంలోగా తిరిగిచ్చేయాలి. ఆలోపు మిగతా రెండు పలకలు. తర్వాత బెడ్ మానేసి, పాత ప్లైవుడ్ మీద 20 మి.మీ. ఎడంతో మేకులు కొట్టి మేకుల బెడ్ చేద్దామనుంది. మేకు తల మీద కిరణం పడితే వెనక్కి కొట్టి మచ్చ పడుతుంది కాబట్టి, మొనలు పైకి ఉండేలా.

ఆదివారం కొండపల్లి వెళ్తున్నాను, బొమ్మలు చేసేవాళ్లని అడిగి తెల్ల పొణికి చెక్క ముక్కలు రెండు తెచ్చుకోవాలి. మెత్తన, తేలిక, పైగా జిగురు పొరలు లేవు. 3 మి.మీ. మందానికి చిత్రిక పట్టి, 900 వేగంతో మొదలుపెట్టి చూస్తాను. తేలిక చెక్క కాబట్టి ఇంకా తొందరగా అంటుకున్నా అంటుకోవచ్చు. మొదటి ముక్క బయట వరండాలోనే.