క్రాంకు తిప్పితే పెట్టె ఊగుతుంది

పదకొండు దాటింది. పొద్దుట్నించీ ఒకటే మాట బుర్ర తొలిచేస్తోంది. రాసేస్తే గానీ నిద్ర పట్టేలా లేదు: క్రాంకు తిప్పితే పెట్టె ఊగుతుంది.

ప్లేడేట్ గురించే. అదే, ఆ పసుపుపచ్చ బుల్లి ఆటల కన్సోలు. దానికి కెమెరా లేదు, కుడి పక్కన క్రాంకు, అంటే తిప్పే పిడి, మాత్రం ఉంది. దానికో కెమెరా తగిలించి, క్రాంకు తిప్పుతూ బుల్లి సినిమాలు తియ్యాలని నా ఆలోచన. దాన్ని చూశాక మూకీల నాటి కెమెరా గుర్తు రాకుండా ఎలా ఉంటుంది? అప్పటి కెమెరాల్లో చుట్టుకి ఎనిమిది ఫ్రేములు, సెకనుకి రెండు చుట్లు, వెరసి పదహారు. ప్లేడేట్‌లో ఇది ఒక్క లైను పని. ప్రోగ్రాములో గెట్‌క్రాంక్‌టిక్స్ అనే ఫంక్షన్‌కి 8 ఇస్తే చుట్టుకి ఎనిమిది టిక్కులు వస్తాయి. టిక్కుకో ఫ్రేము పట్టడమే. వెనక్కి తిప్పితే టిక్కులు మైనస్‌లో వస్తాయి. తీసేటప్పుడు వాటిని వదిలెయ్యాలి, చూసేటప్పుడు వాడుకోవాలి. కింద పడ్డ గిన్నె మళ్ళీ గట్టెక్కుతుంది. ఎంత ముచ్చటగా ఉంటుందో!

కానీ ఆ కన్సోలు బరువు 86 గ్రాములు. ఎడంచేత్తో పట్టుకుని కుడిచేత్తో సెకనుకి రెండు చుట్లు తిప్పితే, చుట్టుకోసారి బొమ్మంతా కిందకీ పైకీ ఊగుతుంది. చెక్క పెట్టె, స్టాండు ఉన్న పాత కెమెరాకి ఈ బాధ లేదు. సాఫ్ట్‌వేర్‌తో సరిచేద్దామంటే అంచులు కొయ్యాలి. తెరలో ఉన్నదే 400×240 నలుపు తెలుపు చుక్కలు, అందులో కొయ్యడానికేముంది?

అసలు తెరంతా నింపాలనే పట్టుదల ఎందుకో! ఓవీ7670 లాంటి చవక కెమెరా సెన్సరు 640×480 ఇస్తుంది. అందులో 640×384 ముక్క తీసి 1.6తో భాగిస్తే సరిగ్గా తెరకి సరిపోతుందని మొన్నటిదాకా సంబరం. ఎనిమిది చుక్కల్ని అయిదులో ఇరికిస్తే సన్నగీత ఒకచోట లావెక్కుతుంది, ఇంకోచోట తెగుతుంది. ఇది రాస్తుంటేనే మనసు మారింది. నాలుగేసి చుక్కల సగటు తీసి 320×240 చేస్తే చాలు. మూకీ ఫ్రేము కూడా 4:3యే కదా. పక్కన మిగిలే 80 చుక్కల పట్టీలో ఫ్రేముల లెక్క, తిప్పే వేగం చూపించొచ్చు. చుక్కకో బిట్టు చొప్పున ఫ్రేముకి 9,600 బైట్లు, నిమిషానికి 9.2 ఎంబీ. ర్యామ్ 16 ఎంబీయే కాబట్టి ఎప్పటికప్పుడు ఫ్లాష్ మెమరీలోకి రాసెయ్యాలి. రాత మధ్యలో ఆగితే ఆదుకోవడానికి 32 ఫ్రేముల బఫరు, అంటే 300 కేబీ పైచిలుకు.

అన్నిటికన్నా చిరాకు ఫిల్టర్లతో. ఫోన్‌తో నిక్షేపంలాంటి ఫోటో తీసి, పైన గీతలూ మచ్చలూ చల్లి, పాతకాలం అంటారు. నింటెండో వాళ్ళ చేతి ఆటపెట్టె గేమ్‌బాయ్‌కి తగిలించే 1998 నాటి కెమెరా కార్ట్రిడ్జిని చూడండి. బొమ్మ 128×112, రంగులు నాలుగే, ఫోటోలు ముప్ఫయ్యే. ముప్ఫయ్యొకటోది కావాలంటే ఒకటి చెరపాల్సిందే. లోపలి బ్యాటరీ చస్తే అన్నీ పోతాయి. ఆ గరుకుదనం ఎవరూ అద్దింది కాదు. కార్ట్రిడ్జి చిప్‌లో 4×4 గళ్ళ పట్టిక ఉంటుంది, గడికి మూడు హద్దులు, మొత్తం 48 అంకెలు. ప్రతి చుక్క వెలుగునీ తన గడి హద్దులతో పోల్చి నాలుగింట్లో ఒక రంగు ఇస్తుంది. కాంట్రాస్టు మారిస్తే మారేది ఆ అంకెలే. గేమ్‌బాయ్ ప్రింటరుకి ఆరు పెన్సిల్ సెల్స్ వేసి 38 మిల్లీమీటర్ల థర్మల్ కాగితం మీద అచ్చేస్తే, కొన్నాళ్ళకి అదీ వెలిసిపోయేది. ఆ పరిమితులే దాని అందం.

ప్లేడేట్‌లోనూ బొమ్మని నలుపు తెలుపు చుక్కలుగా మార్చడానికి ఆ గళ్ళ పద్ధతే వాడాలి, 8×8 పట్టికతో. ఒక చుక్కలో వచ్చిన తేడాని పక్కవాటికి పంచే ఫ్లాయిడ్-స్టైన్‌బర్గ్ పద్ధతి నిశ్చల చిత్రానికి బ్రహ్మాండంగా ఉంటుంది. కదిలే బొమ్మలో మాత్రం ఒక చుక్క తప్పు పక్క చుక్కలకి పాకుతూ, గోడంతా చీమలు పాకినట్టు కనిపిస్తుంది. గళ్ళ పట్టికలో కదలని గోడ కదలకుండా ఉంటుంది.

వెలుగుని బట్టి సెన్సరు తనంతట తానే సర్దుకునే ఆటో ఎక్స్‌పోజర్, ఆటో గెయిన్ రెండూ ఆపెయ్యాలి. వెలుగు రవ్వంత మారినా చుక్కలన్నీ ఒక్కసారి గెంతుతాయి. మన ట్యూబులైటు సెకనుకి వందసార్లు మినుకుతుంది, అందుకే ఎక్స్‌పోజర్ 10, 20, 30 మిల్లీసెకన్లలో ఏదో ఒకటి ఉండాలి. లేకపోతే అడ్డపట్టీలు పాకుతాయి. ప్లేడేట్ తెరకి వెనక లైటు కూడా లేదు, రాత్రిపూట ఏం తీస్తున్నామో కనిపించదు.

ఇంతకీ ఊపు సంగతి. సెన్సరునీ, చుక్కలు చేసే చిప్‌నీ వేరే చిన్న పెట్టెలో పెట్టి, అడుగున పావంగుళం స్టాండు మర బిగించి, కేబులుతో కలపాలి. సెన్సరు తీగలు బారెడు లాగితే బొమ్మ చెడుతుంది, అందుకే చిప్ అక్కడే ఉండాలి. కేబుల్లో వెళ్ళేది సెకనుకి 1,53,600 బైట్లే, మీటరు పొడవైనా పర్వాలేదు. కన్ను స్టాండు మీద, చెయ్యి ఒళ్ళో. ఒకే పెట్టెగా ఉండాలన్న కోరిక ఇంకా పీకుతూనే ఉంది, అయినా ఇదే ఖాయం. ప్రతి ఫ్రేముకీ నాలుగు బైట్ల టైము కూడా రాసుకోవాలి, తిప్పిన చెయ్యి ఎక్కడ తడబడిందో అచ్చం అలాగే మళ్ళీ నడవడానికి.