గుడ్డ సంగతి తర్వాత, ముందు బోర్లించి చూడండి

ఎవరో పారేసిన కుర్చీ కనిపిస్తే నేను ముందుగా చేసేది దాన్ని బోర్లించడం. పైగుడ్డ చిరిగినా, స్పాంజ్ పొడిపొడిగా రాలుతున్నా పట్టించుకోను, అవి ఎలాగూ మార్చేవే. కొన్ని సోఫాలు చూడ్డానికి ధగధగలాడుతుంటాయి గానీ పైన పటారం లోన లొటారం. లోపల పార్టికల్ బోర్డు (చెక్కపొట్టుని జిగురుతో అదిమి చేసిన పలక) నీళ్లు తాగి ఉబ్బిందంటే దానికో దండం పెట్టి వచ్చేయడమే, స్క్రూ కూడా నిలవదు. గట్టి చెక్కయితే అతుకులు ఎంత ఊగినా భయం లేదు. చెక్క మీద సన్నటి గుండ్రటి చిల్లులుండి, తడితే పొడి రాలిందంటే మాత్రం పురుగు ఇంకా లోపలే ఉందని అనుమానించాలి. కుట్ల సందుల్లో నల్లులున్నాయేమో టార్చి వేసి మరీ చూస్తాను. ఆ పని ఇంట్లోకి తెచ్చాక చేసేది కాదు.

ఇప్పుడు నా దగ్గరున్నది చేతుల కుర్చీ. విప్పడానికి ఒక వరసుంది: చివర్లో వేసింది ముందు తీయాలి. అడుగున పల్చటి నల్లగుడ్డ, తర్వాత వీపు వెనకది, చేతుల బయటివైపువి, ఆ తర్వాత లోపలివి, ఆఖరున సీటు. వేసేటప్పుడు ఇదే తిరగేసి. ప్రతి దశలో ఫోటో తీసుకుంటాను. ఊడదీసిన ముక్కల మీద మార్కర్‌తో ‘ఎడమ చెయ్యి, పైవైపు’ అని రాసి దాస్తాను. కొత్త గుడ్డ కత్తిరించడానికి కొలతలు అవే.

అసలు కష్టం గుడ్డని చెక్కకి పట్టి ఉంచే పిన్నులు పీకడం. పల్చటి స్క్రూడ్రైవర్‌తో ఒక కొన లేపి, పట్కారుతో లాగాలి. సగం విరిగి చెక్కలోనే ఉండిపోతాయి, వాటిని సుత్తితో లోపలికి కొట్టేయడమే. ఈ కుర్చీకి బూడిదరంగు రెగ్జిన్ కింద ఆకుపచ్చ పూలగుడ్డ, దాని కింద ఇంకోటి! ముందు చేసినాయన పాతది తీసే ఓపిక లేక మీదే కొట్టేశాడు. తిట్టుకుంటూనే పీకాను గానీ, ఎండ తగలని ఆ మడతల్లో పచ్చదనం చూసి కాసేపు చెయ్యాడలేదు.

అతుకుల దగ్గర తొందర పనికిరాదు. తెల్ల జిగురు పాత జిగురు మీద సరిగ్గా పట్టదు, చెక్కే తగలాలి. పాత కుర్చీల్లో వాడిన, పశువుల తోలు, ఎముకలు ఉడికించి చేసే జిగురైతే వేడినీళ్ల గుడ్డ పెడితే మెత్తబడుతుంది, గీకేయొచ్చు. అతుకుని బిగించి పట్టే క్లాంపులు లేకపోతే తాడు చుట్టి, మధ్యలో కర్ర దూర్చి మెలిపెట్టి మర్నాటి దాకా వదిలేయాలి. ఆరకముందే నాలుగు కాళ్లూ నేలకి ఆనుతున్నాయో లేదో చూసుకోవాలి సుమా.

స్పాంజ్ కొనేటప్పుడు డెన్సిటీ అంటే మెత్తదనం అనుకుంటారు చాలామంది. అది ఘనపు మీటరుకి ఎన్ని కిలోల బరువన్న లెక్క, గట్టిదనం వేరే సంగతి. సీటుకి 32కి తగ్గనివ్వను. వీపుకి తక్కువైనా నడుస్తుంది.

గుడ్డ దగ్గరే ఇంట్లో గొడవ. అందరూ వెల్వెట్ అంటున్నారు. దాని నూగు అంతా ఒకే దిక్కుకి ఉండాలి, ఒక్క ముక్క తలకిందులైనా రంగు మారినట్టు కనిపిస్తుంది. చారల గుడ్డ ఇంకా టెన్షన్, ప్రతి గీతా కలవాలి. ఎవరెన్ని చెప్పినా నేను ముతక కాన్వాసే తెస్తున్నాను. ఒక్కో వైపు మధ్యలో ఒక్క పిన్ను కొట్టి, అక్కణ్ణించి మూలల వైపు లాక్కుంటూ పోతే ముడత రాదు.