పంపింగ్ నార్మల్ అన్నారు, ఆయాసం మాత్రం తగ్గలేదు

మెట్లెక్కితే ఆయాసం. వంగి చెప్పులు సర్దుకున్నా ఆయాసం. రాత్రి వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చునేదాన్ని. అయినా ఎకో (గుండెకు తీసే అల్ట్రాసౌండ్ స్కాన్) రిపోర్టులో ఎజెక్షన్ ఫ్రాక్షన్, అంటే ఒక్కో కొట్టుకు గుండె బయటికి తోసే రక్తం వాటా, 62 శాతం అని వచ్చింది. గుండె పంపింగ్ నార్మల్, టెన్షన్ పెట్టుకోకండి అన్నారు. ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకున్నారు.

తర్వాత చూపించుకున్న డాక్టర్ గారు అదే రిపోర్టు చదివి, "పంపింగ్ సరే, గుండె నిండటం ఎలా ఉందో చూడలేదా అమ్మా?" అని అడిగారు. గుండె ముడుచుకుని రక్తాన్ని తోయడం సగం పనే. ఆ వెంటనే వదులై మళ్లీ నిండాలి కదా. నాలాగా ఏళ్ల తరబడి బీపీ ఉన్నవాళ్లలో ఎడమ జఠరిక (ఒంటికి రక్తాన్ని తోసే కింది గది) గోడ మందమై బిరుసెక్కవచ్చు. బిరుసెక్కిన జఠరిక నిండాలంటే ఎక్కువ ప్రెషర్ కావాలి. ఆ ప్రెషర్ వెనక ఉన్న ఎడమ కర్ణిక (పై గది) మీద, అక్కణ్ణుంచి ఊపిరితిత్తుల మీద పడుతుంది. నా ఆయాసం అక్కడిది.

ఆ ప్రెషర్‌ను నేరుగా కొలవాలంటే రక్తనాళం గుండా గుండెలోకి క్యాథెటర్ అనే సన్నటి గొట్టం పంపాలి. ఆ మాట వినగానే నాకు చేతులు చల్లబడ్డాయి. ముందు ఎకోలోనే వివరంగా చూద్దామన్నారు.

ఎడమ పక్కకు తిరిగి పడుకున్నాను. టెక్నీషియన్ ఛాతీ మీద ప్రోబ్ ఆనించి, ఊపిరి వదిలి ఆపమంది. ఎడమ కర్ణికకూ జఠరికకూ మధ్య ఉండే మైట్రల్ కవాటం దగ్గర రక్తం వేగం స్క్రీన్ మీద రెండు శిఖరాలుగా కనిపించింది. మొదటిది 'ఇ' వేవ్: జఠరిక వదులైనప్పుడు రక్తం దూసుకొచ్చే వేగం. రెండోది 'ఏ' వేవ్: కర్ణిక ముడుచుకుని మిగిలిన రక్తాన్ని తోసే వేగం. నాకు 'ఇ' సెకనుకు 93 సెంటీమీటర్లు, 'ఏ' 80. నిష్పత్తి 1.2 దాకా వచ్చింది. చూస్తే ఆరోగ్యవంతుల లెక్కే!

అసలు సంగతి టిష్యూ డాప్లర్‌లో తేలింది. అందులో కొలిచేది రక్తాన్ని కాదు, కవాటం అంచున గుండె కండరం కదిలే వేగాన్ని. దాన్ని 'ఇ ప్రైమ్' అంటారు. మధ్య గోడ వైపు సెకనుకు 7 సెంటీమీటర్లు, పక్క గోడ వైపు 10 కంటే తక్కువైతే తగ్గినట్టు. నాకు 5, 6. కండరం అంత నెమ్మదిగా వదులవుతుంటే రక్తం అంత వేగంగా వస్తోందంటే, వెనక నుంచి ప్రెషర్ తోస్తోందన్నమాట. 'ఇ'ని 'ఇ ప్రైమ్' సగటుతో భాగిస్తే 17 వచ్చింది, 14 దాటకూడదు. కర్ణిక పెద్దదైంది. గుండె కుడివైపున్న ట్రైకస్పిడ్ కవాటం దగ్గర వెనక్కి కారే రక్తం వేగం సెకనుకు 3 మీటర్లు, 2.8 దాటకూడదు. ఒక్క నంబరును పట్టుకుని తేల్చరు, ఇవన్నీ ఒకే వైపు చూపించాలి. అట్రియల్ ఫిబ్రిలేషన్ (కర్ణికలు సరిగా ముడుచుకోక గుండె లయ తప్పడం) ఉన్నవాళ్లకైతే 'ఏ' వేవే ఉండదు కాబట్టి లెక్క మరోలా చూస్తారు.

నీరు తగ్గే మాత్ర ఇచ్చారు, బీపీ మందు మార్చారు, ఉప్పు తగ్గించమన్నారు. దాంతోపాటు ఎంపాగ్లిఫ్లోజిన్ రాశారు. షుగర్ లేని నాకు షుగర్ మందేమిటని అడిగాను. నాలాగా పంపింగ్ బాగుండీ హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవాళ్లు ఆసుపత్రి పాలవడాన్ని ఇది తగ్గిస్తుందని 2021లో వచ్చిన పెద్ద అధ్యయనంలో తేలిందని చెప్పారు.

కొన్ని నెలలకు మళ్లీ ఎకో తీశారు. 'ఇ', 'ఏ' నిష్పత్తి 0.7కు పడిపోయింది. మా అబ్బాయి ఇంటర్నెట్‌లో చూసి కంగారుపడ్డాడు. డాక్టర్ గారు మాత్రం సంతోషించారు. వెనకనుంచి తోసే ప్రెషర్ తగ్గింది కాబట్టే 'ఇ' 62కు దిగింది, ఇంతకుముందు కనిపించిన 1.2 ఆ ప్రెషర్ పుణ్యమే అన్నారు. 17 ఉన్నది 11 అయింది, 3 మీటర్లు 2.6 అయింది. 'ఇ ప్రైమ్' మాత్రం మారలేదు. బిరుసు అలాగే ఉంది, మందులు కొనసాగించాలి. ఇప్పుడు ఆగకుండా పై అంతస్తు ఎక్కుతున్నాను, రాత్రి ఒక్క దిండు చాలుతోంది.