ఏడు గంటల మాత్ర

మాటలు చెప్పడంలో నన్ను మించినవాళ్లు మా వీధిలో లేరు, ముందే ఒప్పుకుంటున్నా. ఎవరింట్లో కూర్చున్నా రెండు నిమిషాల్లో మాట యేసయ్య దగ్గరికి వచ్చేది, సంచిలో కరపత్రాలు సిద్ధంగా ఉండేవి. నన్ను చూడగానే పక్కింటామె పొయ్యి మీద పాలున్నాయని లోపలికి పోయేది.

పోయిన ఏడాది మామిడి సీజన్లో, చిత్తూరు చుట్టూ గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి లోడ్లు బారులు తీరే రోజుల్లో, దగ్గు పట్టుకుంది. స్కూలు యూనిఫారాలు కుట్టే టైము కదా, గుడ్డల దుమ్మనుకున్నా. ఒక క్లినిక్‌లో ఎలర్జీ అని సిరప్ ఇచ్చారు, అది అయిపోతే ఇంకోటి. 51 కిలోలదాన్ని 43కి దిగిపోయా, సాయంత్రమైతే జ్వరం, రాత్రి జాకెట్టు పిండితే నీళ్లొచ్చేంత చెమట. చివరికి ప్రభుత్వాసుపత్రిలో కళ్లె పరీక్ష చేస్తే టీబీ.

మా అమ్మమ్మ కాలంలో అయితే మదనపల్లె దగ్గర, క్రైస్తవ మిషన్లవాళ్లు పెట్టిన ఆరోగ్యవరం శానిటోరియంలో నెలల తరబడి ఉండాల్సిందే. ఇప్పుడు ఇంట్లోనే ఆరు నెలలు మాత్రలు, తిండికని నెలకు 1,000 రూపాయలు బ్యాంకులో పడతాయి, అంతే. ఆ "అంతే" దగ్గరే నాకు కష్టమైంది. రోజూ మూడు మాత్రలు ఒకేసారి మింగాలి, గంటకల్లా కడుపులో తిప్పుడు. మూత్రం నారింజ రంగులో వస్తే మొదటిరోజు రక్తమనుకుని ఏడ్చేశా. రెండు నెలలకు దగ్గు పోయింది. అప్పుడే ప్రార్థనకొచ్చిన ఒకాయన "స్వస్థత దొరికాక ఇంకా మాత్రలేంటమ్మా, అది అవిశ్వాసం" అన్నాడు. మానేయాలని ఉన్నదానికి ఆ మాట ఎంత తియ్యగా ఉంటుందో! నాలుగు రోజులు మానేశా.

పాస్టరమ్మ తిట్టలేదు, బైబిల్లో కుష్ఠు వచ్చిన సేనాపతి నయమాను సంగతి అడిగింది. సండే స్కూల్లో ఎన్నిసార్లు చెప్పానో ఆ కథ. బాగవ్వాలంటే యొర్దాను నదిలో ఏడుసార్లు మునగమని ఎలీషా ప్రవక్త కబురు పంపితే, మా దమస్కు నదులు ఇంతకంటే మంచివి కావా అని ఆ సేనాపతి కోపంగా తిరిగిపోయాడు. ఏదైనా గొప్ప పని చెప్పుంటే చేసేవాడే. చివరికి ఏడుసార్లూ మునిగాకే బాగయ్యాడు. "మూడు మునకలకే ఒడ్డుకొచ్చేసుంటే?" అంది పాస్టరమ్మ. మధ్యలో ఆపితే మిగిలిన క్రిములు మందుకు లొంగవని ఆశా వర్కరు మొత్తుకుందీ అందుకే. మర్నాటి నుంచి ఉదయం ఏడుకి ఫోన్లో అలారం పెట్టా.

ఇంకోటి మిగిలింది, మాత్రలకంటే చేదైనది. వీధిలో అందరికీ గ్యాస్ ట్రబుల్ అని చెప్పి ఉన్నా. పక్కింటామె రెండేళ్ల పిల్లాడేమో ఆ దగ్గు రోజులంతా నా కుట్టు మిషన్ దగ్గరే ఆడుకున్నాడు. వెళ్లి నిజం చెప్పా. "బిడ్డకు చూపించమ్మా, దాచింది నా తప్పు" అన్నా. ఆ రోజు సంచి లేదు, కరపత్రం లేదు, వాక్యం ఒక్కటీ నోటికి రాలేదు. ఆమె వీధంతా వినపడేలా అరిచింది. అరవదా మరి?

పది రోజులకు ఒక రాత్రి తనే తలుపు కొట్టింది. వాళ్లాయన నెలగా దగ్గుతున్నాడట, ఎంత చెప్పినా ఆసుపత్రికి రాడట. "అక్కా, నీ మాటైతే వింటాడు. నువ్వు దాచుకోలేదు కదా." తీసుకుపోయా. ఆయనకూ టీబీయే. నా నుంచి ఆయనకొచ్చిందో, ఆయన నుంచి నాకో, ఎవరు చెప్పగలరు? పిల్లాడికి జబ్బు లేదన్నారు, రాకుండా మాత్రలిచ్చారు.

అప్పటి నుంచి ఏడు గంటలకు పిట్టగోడకు అటు ఆయన, ఇటు నేను, చేతుల్లో నీళ్ల గ్లాసులు. ఒకరోజు ఆమె అడిగింది, మింగే ముందు ఏమి గొణుక్కుంటావక్కా అని. "ఈ రోజుకి కూడా సాయం చెయ్యి ప్రభువా" అంటానని చెప్పా. "మా ఆయన పేరు కూడా కలిపి అనక్కా" అంది. అంతకుమించి ఏమీ జరగలేదు, వాళ్లు ఇప్పటికీ కాణిపాకం పోతారు, ప్రసాదం తెచ్చినప్పుడు నేను తిననని తెలిసి అరటిపండ్లు విడిగా కొనుక్కొస్తారు.

జనవరిలో నా మాత్రలు అయిపోయాయి, కళ్లెలో ఏమీ లేదన్నారు. అలారం మాత్రం తీసేయలేదు. ఆయనకింకా మూడు నెలలున్నాయి.